‘క్యూ’ అనే మాటను తెలుగులో వాడే తీరు

ఫ్రెంచిలో తోక అని అర్థమిచ్చే మాట ఇంగ్లీషు మీదుగా మనకు చేరి ‘క్యూ’గా స్థిరపడింది. తమ వంతు కోసం ఒకరి వెనక ఒకరు నిలబడిన మనుషుల బారుకు అది పేరు. దీన్ని రాసేటప్పుడు ముందుగా చూసుకోవలసింది పక్కన చేరే క్రియను.

ఒక్కరి గురించి చెప్పేటప్పుడు ‘క్యూలో నిలబడ్డాడు’ అనాలి. ‘క్యూ కట్టడం’ పలువురికే చెల్లుతుంది. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్ల రద్దును ప్రకటించాక ‘జనం బ్యాంకుల ముందు క్యూ కట్టారు’ అని రాస్తే ఒప్పుతుంది గానీ, ‘మా తాతయ్య క్యూ కట్టాడు’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. నిజంగా నిలబడకపోయినా, ఆశపడి వచ్చేవారికీ ఈ పలుకుబడి వర్తిస్తుంది: ‘సినిమా ఆడగానే నిర్మాతలు ఆ హీరో ఇంటికి క్యూ కట్టారు.’

‘వరుస’ను అన్నిచోట్లా దీనికి బదులుగా వాడలేము. కుర్చీల వరుస, వరుసకు బావ, వరుసగా మూడు రోజులు అన్నప్పుడు వంతు కోసం ఎదురుచూడడమనే భావం లేదు. అయితే ‘అమ్మా, వరుసలో రండి’ అనే పిలుపులోని మర్యాద నాకు ఎంతో ఇష్టం. విందులో మాత్రం ‘రెండో బంతి’ అనే అనాలి. ‘పంక్తి’కి వికృతి అది.

వాహనాలకు ‘బారులు తీరడం’ బాగా నప్పుతుంది. తెల్లవారుజామునే యూరియా కోసం వచ్చిన రైతులు, ఎండ ముదిరాక చెప్పులనో పట్టాదారు పాసుపుస్తకాలనో తమ చోట ఉంచి చెట్టు నీడకు చేరుతారు. అక్కడ ‘చెప్పులు బారులు తీరాయి’ అనడం కంటే ‘చెప్పులను క్యూలో పెట్టారు’ అనడమే న్యాయం, ఎందుకంటే ప్రతి జత వెనకా ఒక మనిషి, ఒక వంతు ఉన్నాయి.

‘క్యూలైను’ పునరుక్తి అని కొట్టివేయనక్కరలేదు. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు దగ్గర ఆ మాట భక్తులు నడిచే, కమ్మీలు కట్టిన దారిని కూడా సూచిస్తుంది.

‘నా క్యూ వచ్చింది’ అనకూడదు, ‘నా వంతు వచ్చింది’ అనాలి. క్యూలో చేరేటప్పుడు ‘ఆఖరున ఎవరండీ?’ అని అడిగి, ‘మీ వెనక నేను’ అని చెప్పాలి. పక్కకు వెళ్లవలసివస్తే ‘ఇప్పుడే వస్తానండీ, నా చోటు కాస్త చూస్తుండండి’ అంటే చాలు.