నలభై గడపల ఊళ్ళో హెచ్‌ఐవీ పరీక్ష: గుట్టు జారకుండా ఎలా చేయాలి

పాడేరు, చింతపల్లి, అరకు వైపు కొండ ఊళ్ళలో నలభై గడపలుంటే నలభై గడపలూ చుట్టాలే. ఏఎన్‌ఎం నర్సు ఎవరింట్లో ఎంతసేపు కూర్చుందో పొద్దుగూకేలోపు ఊరంతా తెలిసిపోతుంది. అలాంటి చోట ‘హెచ్‌ఐవీ శిబిరం’ అని బ్యానర్ కడితే, పరీక్ష ఎవరికి నిజంగా అవసరమో వాళ్ళే ముందు తప్పుకుంటారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళవాళ్ళలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు దేశమంతా కలిపి 0.21 శాతం, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. ఈ లెక్క చూశాక కొండ ఊళ్ళను వదిలేయలేం. వెళ్ళే పద్ధతి మాత్రం మారాలి. కిట్లు, మందులు, మాటలు అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్క మనిషి గుట్టు బయటపడితే ఆ పంచాయతీలో మళ్ళీ ఎవరూ చెయ్యి చాపరు.

ఎప్పుడు వెళ్ళాలి

ఇలాంటి ఊళ్ళకి జబ్బు బయట పనికి వెళ్ళొచ్చినవాళ్ళతో రావచ్చు. మేస్త్రీ పనికి, ఇటుక బట్టీలకు, రొయ్యల చెరువులకు వెళ్ళిన మగవాళ్ళు సంక్రాంతికి, చైత్రంలో ఇటుకల పండుగకి ఇళ్ళకు చేరతారు. ఆ పండుగల తర్వాత నాలుగైదు రోజుల్లో వెళ్ళండి. పండుగ రోజునే వెళ్తే కల్లు తాగినవాళ్ళ దగ్గర తీసుకున్న అంగీకారం అంగీకారం కాదు. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో, ఇప్పపువ్వు ఏరే రోజుల్లో పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టండి, తలకి కట్టుకునే టార్చిలైటు వెంట తీసుకెళ్ళండి.

వెళ్ళే ముందు ఒక రోజు కేటాయించి ఊరి పెద్దని, దిసారిని (ముహూర్తాలు చూసే మనిషి), గురుమాయిని (నాటువైద్యం చేసే మనిషి) కలవండి. మర్మాంగాల మీద పుండ్లు పడితే చాలామంది మొదట పోయేది గురుమాయి దగ్గరికే. ‘మీ మందు ఆపమనడం లేదు, పుండు ఉన్నవాళ్ళని మా దగ్గరికీ పంపండి’ అంటే వింటారు. వాళ్ళని తప్పుపట్టి మాట్లాడితే ఆ దారి మూసుకుపోయినట్టే.

భాష సంగతి ముందే తేల్చుకోవాలి. కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళకి కువి (కోందుల భాష), కొన్నిచోట్ల ఆదివాసీ ఒడియా తప్ప తెలుగు సరిగ్గా రాదు. అలాగని ఆ ఊరి కుర్రాణ్ణే పక్కన కూర్చోబెట్టుకుంటే గుట్టు అక్కడే జారుతుంది. వేరే పంచాయతీ మనిషిని తెచ్చుకోండి. ఆడవాళ్ళకి ఆడమనిషే ఉండాలి. ఆశా కార్యకర్త మనుషుల్ని పిలుచుకొస్తుంది గానీ గదిలో ఉండకూడదు. ఆమె మంచిది కాక కాదు, ఆమె ఆ ఊరి కోడలు కాబట్టి.

మాటలు ఎక్కడ మొదలుపెట్టాలి

ఆడవాళ్ళు, మగవాళ్ళు, పెళ్ళికాని కుర్రాళ్ళు వేర్వేరుగా కూర్చోవాలి. గుంపుకి పన్నెండు, పదిహేను మంది మించొద్దు. నలభై ఐదు నిమిషాలు చాలు. ‘ఈ జబ్బుని మీరేమంటారు’ అని అడగండి, వాళ్ళు చెప్పిన మాటే చివరిదాకా వాడండి. పెళ్ళికి ముందు కలిసి ఉండే ఆచారం ఉన్నచోట దాని మీద తీర్పు చెప్పడం మీ పని కాదు.

మన్యంలో మొదట వచ్చే ప్రశ్న దోమ గురించి. మలేరియాతో ఇన్నేళ్ళు బాధపడ్డవాళ్ళకి అది న్యాయమైన అనుమానం. ‘దోమతో రాదు’ అని ఒక్క ముక్కలో కొట్టేస్తే నమ్మరు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో బతికి, పెరిగి, దాని లాలాజలంలోకి చేరుతుందని, దోమ కుట్టినప్పుడు మనలోకి వదిలేది ఆ లాలాజలాన్నే గాని పాత రక్తాన్ని కాదని చెప్పండి. హెచ్‌ఐవీ వైరస్‌కి దోమ కడుపులో పెరిగే వీల్లేదు, అక్కడే అరిగిపోతుంది. ఇంత చెప్పాక కలిసి తినడం, ఒకే బావి నీళ్ళు తాగడం, పక్కన పడుకోవడం వంటి అనుమానాలు వాటంతటవే తీరతాయి. కండోమ్ లేని సంభోగం, తల్లి నుంచి బిడ్డకి, రక్తం, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడటం. వచ్చే దారులు ఇవే. సూది గురించి నొక్కి చెప్పాలి. సంతలో పచ్చబొట్టు పొడిచేవాళ్ళు, సంచి పట్టుకు తిరిగే ఆర్‌ఎంపీలు ఒకే సూదితో పదిమందిని పొడిచే చోట్లు ఇంకా ఉన్నాయి. ‘నా ముందే కొత్త సూది విప్పు’ అని అడగడం నేర్పండి.

నిరోధ్ చేతికిచ్చి నేర్పాలి

అట్ట మీద బొమ్మ చూపిస్తే ఎవరికీ రాదు. చెక్క నమూనా ఒకటి, మనిషికి రెండు నిరోధ్‌లు తీసుకెళ్ళండి. అరటిపండుతో చూపించేవాళ్ళున్నారు, అది వద్దు. తప్పనిసరైతే ఇది ఎక్కడ తొడగాలో నోటితో స్పష్టంగా చెప్పండి, సిగ్గుపడి మింగేయకండి. ముందు తేదీ చూడాలి. తర్వాత ప్యాకెట్టుని రెండు వేళ్ళతో నొక్కాలి, లోపల గాలి బుడగలా తగలాలి. తగలకపోతే ప్యాకెట్టుకి చిల్లు పడినట్టు, పారేయాలి. లోపలి రింగుని ఒక పక్కకి జరిపి, రెండో అంచున చేత్తో చింపాలి. పళ్ళతో కొరికితే నిరోధ్ కూడా చిరుగుతుంది. చుట్ట బయటి వైపుకి ఉందో లేదో చూసుకుని, కొసని రెండు వేళ్ళతో నొక్కి గాలి తీసేసి, అదే పట్టు మీద మొదలుదాకా విప్పాలి. తిరగేసి పెట్టామని మధ్యలో తెలిస్తే దాన్నే తిప్పి వాడొద్దు, కొత్తది తీయాలి. అయిపోయాక మెత్తబడకముందే మొదట్లో పట్టుకుని బయటికి తీయాలి.

ఒకసారి కళ్ళు తెరిచి చేశాక రెండోసారి కళ్ళు మూసుకుని చేయించండి. కరెంటు పోయిన ఇంట్లో రాత్రిపూట పని అలాగే జరుగుతుంది. చుట్ట ఏ వైపు తిరిగిందో వేలితో తడిమి తెలుసుకోలేనివాడు ఇంకా నేర్చుకోనట్టే.

చిరిగిపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. కొబ్బరినూనె, ఆముదం రాస్తే రబ్బరు నిమిషాల్లోనే దెబ్బతింటుంది. ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే రాసుకుని చిరుగుతాయి. పొయ్యి దగ్గర గూట్లోనో, రేకుల కప్పు కిందనో పెట్టినవి వేడికి పాడవుతాయి. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, నేలకి దగ్గరగా, చల్లని మూలన పెట్టుకోమనండి. ఉచిత నిరోధ్‌ల పెట్టె ఆశా ఇంట్లో పెడితే ఎవరూ తీయరు. కిరాణా కొట్టు పక్కగోడకి, రాత్రిపూట ఎవరినీ అడగకుండా తీసుకునేలా తగిలించండి. వాడినదాన్ని ఆకులో చుట్టి గుంటలో పూడ్చమనండి, గెడ్డలో (కొండవాగులో) పారేయొద్దు.

పరీక్ష

2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అంగీకారం లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని ఇంకొకరికి చెప్పడం చట్టవిరుద్ధం. సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు పరీక్ష పేరు చెప్పి తీసిన రక్తంతో చాటుగా హెచ్‌ఐవీ చూసేయొచ్చని కొందరు అనుకుంటారు. ఆ పని ఎన్నడూ చేయొద్దు. చేయదగిందేమిటంటే బీపీ, హిమోగ్లోబిన్, సికిల్‌సెల్, సిఫిలిస్, హెచ్‌ఐవీ అన్నీ ఒకే గదిలో పెట్టి, దేని గురించి ఏం చూస్తారో విడివిడిగా చెప్పి, దేనికైనా వద్దనే వీలు ఇవ్వడం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి తల్లిదండ్రుల అంగీకారం కావాలి.

నలభై మందికి నలభై ఐదు కిట్లు, యాభై లాన్సెట్లు (వేలు పొడిచే సూదులు), యాభై జతల గ్లవుజులు, సూదులకి చిల్లు పడని తెల్ల డబ్బా, గడియారం, మార్కరు పెన్ను తీసుకెళ్ళండి. ముందు మాట, పరీక్ష, తర్వాతి మాట కలిపి మనిషికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఒక జట్టు ఒక సాయంత్రానికి పన్నెండు మందికి మించి చేయడం కుదరదు. నలభై మందిని ఒక్కపూటలో ముగించామంటే మాట్లాడటం మానేశారనే అర్థం.

లంబసింగి చలిలో వేళ్ళు బిగుసుకుపోయి రక్తం రాదు. గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి ముంచి, బాగా రుద్ది, భుజం కిందకి వేలాడదీయమనండి. ఉంగరం వేలి పక్కభాగాన్ని స్పిరిటుతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. స్పిరిటు తడి రక్తంలో కలిస్తే ఫలితం చెడుతుంది. కొడవలి పట్టిన చేతులకి వేలి కొస కాయకట్టి ఉంటుంది, అక్కడ పొడిస్తే దిగదు. మొదటి చుక్క పొడి దూదితో తుడిచేసి రెండో చుక్క తీసుకోవాలి. వేలిని గట్టిగా పిండితే కండలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది. కిట్టు సంచి మంచులో చల్లబడి ఉంటే పొట్లం విప్పకుండానే గది వేడికి రానివ్వండి. విప్పిన కార్డుకి చెమ్మ తగిలితే పనికిరాదు. ద్రావకం చుక్కలు, చూడాల్సిన నిమిషాలు ఒక్కో కిట్టుకి ఒక్కోలా ఉంటాయి, డబ్బాలోని కాగితం చదవండి. చెప్పిన సమయం దాటాక చూసిన గీత లెక్కలోకి రాదు. కార్డు సరిగ్గా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే ఆ కార్డు చెల్లదు, కొత్తదాంతో మళ్ళీ చేయాలి.

లోపల ఎవరు ఎంతసేపు ఉన్నారో బయట లెక్కపెడుతుంటారు. కాబట్టి ఫలితం ఏదైనా అందరితోనూ ఒకే అంత సేపు మాట్లాడండి. అందరికీ ఒకే రంగు చీటీ, ఒకేలాంటి ఐరన్ మాత్రల పొట్లం ఇవ్వండి. కార్డు మీద పేరు కాదు, కోడ్ నంబరు రాయండి. రిజిస్టరు మీ భుజాన సంచిలోనే ఉండాలి, అన్నం తినేటప్పుడు కూడా.

రియాక్టివ్ వస్తే (కార్డు మీద హెచ్‌ఐవీ సూచన కనిపిస్తే)

‘నీకు ఎయిడ్స్ ఉంది’ అనే హక్కు ఆ కార్డు మీకివ్వలేదు. ‘మొదటి పరీక్షలో తేడా కనిపించింది, ఇంకా తేలలేదు, ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రంలో) మూడు వేర్వేరు కిట్లతో చూసి చెబుతారు’ అనండి. ఆ తర్వాత కాసేపు మాట్లాడకుండా కూర్చోండి. ప్రయాణం అక్కడే ఖాయం చేసుకోవాలి: ఏ రోజు, ఏ బస్సు, ఛార్జీ ఎవరిస్తారు, వెంట ఎవరొస్తారు. సంత రోజే మంచిది. ఆ రోజు పట్నం వైపు ఎందుకెళ్తున్నావని ఎవరూ అడగరు.

జబ్బు తేలితే రోజుకొక మాత్ర, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో ఉచితం. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ అందులోనే ఉంటాయి. మన్యంలో ఆడవాళ్ళలో చాలామంది ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటారు. అవి ఖాళీ కడుపున ఈ మాత్రతో కలిస్తే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదు. అన్నంతో కలిపి వేసుకోవాలి, లేదంటే ఐరన్‌కి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటల్లో ఏ ఒక్కటి ఉన్నా టీబీ పరీక్ష చేయించండి. టీబీ మందులు కూడా వాడుతున్నారంటే హెచ్‌ఐవీ మందు మోతాదు మారుతుంది, రెండుచోట్లా చెప్పాలి. గెడ్డలు పొంగి దారి తెగే ఊళ్ళవాళ్ళు జూన్‌కి ముందే కేంద్రంలో మాట్లాడి, రెండుమూడు నెలల మందు ఒకేసారి అడగాలి. మందు మానకుండా వేసుకుని రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరి, అలాగే నిలిచినవాళ్ళ నుంచి సంభోగం ద్వారా ఇంకొకరికి అంటదు. ఈ మాట భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి, రోగి ఒప్పుకుంటేనే.

గర్భిణికి మొదటి నెలల్లోనే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్ష చేయించాలి. మందు లేకపోతే బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి మందు వాడి, ఆసుపత్రిలో కని, బిడ్డకి పుట్టగానే మందు పడితే అది 5 శాతం లోపుకి దిగుతుంది. అందుకే నెలలు నిండేముందే ఆమెని గర్భిణుల వసతి గృహానికి చేర్చండి, డోలీలో మోసుకెళ్ళే స్థితి దాకా రానివ్వకండి. బిడ్డకి ఆరు వారాలు నిండగానే ఎండిన రక్తపు చుక్క పరీక్ష ఉంటుంది, ఆ తేదీ తల్లి కార్డు మీద ముందే రాసిపెట్టండి.

పుండ్లు, చీము, వాసన వచ్చే తెల్లబట్ట ఉన్నవాళ్ళని సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కి పంపండి. అక్కడ లక్షణాన్ని బట్టి రంగుల కిట్లు ఉచితంగా ఇస్తారు. జత మనిషి కూడా మందు వాడకపోతే జబ్బు మళ్ళీ రావచ్చు. పుండు ఉన్న చోట హెచ్‌ఐవీ మరింత సులువుగా ఎక్కుతుంది.

బలాత్కారం జరిగినా, పరీక్ష చేస్తూ మీకే సూది గుచ్చుకున్నా 72 గంటల్లోపు నివారణ మందు మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది. 28 రోజులు వాడాలి. గుచ్చుకున్న వేలిని పిండకుండా సబ్బునీళ్ళతో కడిగి వెంటనే బయలుదేరండి. ఆ మందు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో, ఊరికి వెళ్ళకముందే ఫోన్ చేసి కనుక్కుని రాసిపెట్టుకోవాలి. 1097కి ఉచితంగా ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది, కానీ సిగ్నల్ ఉన్న మలుపు ఎక్కడుందో ఆశాకి తెలిసి ఉండాలి.

ఊరు దాటే ముందు లాన్సెట్లు లెక్కపెట్టండి. వాడినవి డబ్బాలో, వాడనివి సంచిలో, రెండూ కలిపితే యాభై రావాలి. దూది, కార్డులు వేరే సంచుల్లో కట్టి పీహెచ్‌సీకి మోసుకెళ్ళండి, ఊరి పొయ్యిలో కాల్చొద్దు, పూడ్చొద్దు. ఈమధ్యే ప్రమాదం జరిగిందని చెప్పినవాళ్ళకి ఇవాళ్టి నెగెటివ్ ఆఖరి మాట కాదు, మూడు నెలలకి మళ్ళీ చూడాలి. అలాంటివాళ్ళు ఒక్కరున్నా సరే, రెండో రాక తేదీ ఊరి మొత్తానికి బీపీ పరీక్ష పేరుతో ముందే చెప్పి రండి. ఆ రోజు గదిలోకి వచ్చినవాళ్ళకి, హెచ్‌ఐవీ పరీక్షకి మళ్ళీ కొత్తగా అంగీకారం అడగాలి.