పాత స్పీడ్‌బోట్‌కు కొత్త వేగం – 3వ పాఠం: ఇంజిన్‌ను ఎంత ఎత్తున బిగించాలి?

పడవ వెనక బయట తగిలించే (ఔట్‌బోర్డ్) ఇంజిన్ గురించే ఈ పాఠాలు. మొదటి పాఠంలో ఇంజిన్ ఆరోగ్యం, రెండో పాఠంలో పడవ అడుగు చూశాం. ఆ రెండూ తేలకుండా ఈ పాఠంలోకి రావద్దు. సిలిండర్ల కంప్రెషన్‌లో తేడా 10 శాతం లోపు ఉండాలి. థ్రాటిల్ లివర్‌ను చివరిదాకా నెట్టినప్పుడు కార్బ్యురేటర్లలోని బటర్‌ఫ్లైలన్నీ (గాలి దారి తెరిచే రేకులు) పూర్తిగా తెరుచుకోవాలి. అడుగున, ట్రాన్సమ్ (ఇంజిన్ బిగించే పడవ వెనక గోడ) నుంచి ముందుకు మీటరున్నర మేర తిన్నని బద్ద ఆనిస్తే మధ్యలో సందు కనిపించకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఇంజిన్ ఎత్తు మార్చి చేసే పరీక్షలు తప్పుడు లెక్కలే చెబుతాయి.

ఇంజిన్ విప్పకుండా, ఒక్క పార్టు కూడా మార్చకుండా వేగం పెంచగలిగేది ఈ ఎత్తు సవరణతోనే. పాత పడవల్లో చాలావాటికి ఇంజిన్ ఉండాల్సిన దానికన్నా కిందికి బిగించి ఉంటుంది. పడవ నిండా జనం ఉన్నా, ఎంత గట్టి మలుపు తిప్పినా ప్రొపెల్లర్ గాలి పీల్చకూడదనీ, కూలింగ్ నీళ్లు ఆగకూడదనీ అలా బిగిస్తారు. షికారు పడవకు ఆ జాగ్రత్త సరైనదే. గరిష్ఠ వేగం కావాలంటే మాత్రం దాని ఖరీదు ఎక్కువ. నీళ్లలో మునిగిన గేర్‌కేస్ (ప్రొపెల్లర్ ఉండే ఇంజిన్ కింది భాగం) మీద పడే ఒరిపిడి దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఒరిపిడి నాలుగింతలవుతుంది. అందుకే గంటకు 40 కిలోమీటర్ల దగ్గర తేడా తెలియని ఇంజినే 80 దగ్గర పడవను వెనక్కి పట్టి లాగుతుంది.

ముందు స్లిప్ లెక్క

కొలత లేకుండా ఎత్తు మార్చడం వృథా. వేగం ఒక్కటే చూస్తే గాలి, అలలు, ట్యాంకులోని పెట్రోలు అన్నీ కలిసి మోసం చేస్తాయి. స్లిప్ చూడాలి. ప్రొపెల్లర్ గట్టి పదార్థంలో స్క్రూలా తిరిగితే ఎంత దూరం పోవాలో, నిజంగా ఎంత పోయిందో, ఆ రెండింటి తేడాయే స్లిప్.

ఆర్‌పీఎంను ప్రొపెల్లర్ పిచ్‌తో (ఒక్క చుట్టుకు అది సిద్ధాంతంగా ముందుకు పోవాల్సిన దూరం, అంగుళాల్లో) గుణించండి. వచ్చినదాన్ని 0.001524తో గుణించి, గేర్ రేషియోతో (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకె) భాగించండి. అది గంటకు కిలోమీటర్లలో సిద్ధాంత వేగం. అందులోంచి జీపీఎస్ చూపిన వేగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ సిద్ధాంత వేగంతో భాగించి 100తో గుణిస్తే స్లిప్ శాతం వస్తుంది.

పిచ్ సాధారణంగా ప్రొపెల్లర్ హబ్ మీద పోతపోసి ఉంటుంది. రెండు అంకెలుంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్. గేర్ రేషియో కోసం మాన్యువల్ చూడండి. పాత V6 ఇంజిన్లలో 1.86 లేదా 1.87, V4ల్లో 2.0 తరచుగా కనిపిస్తాయి, కానీ ఊహించి వేయకండి. రేషియోలో చిన్న పొరపాటు స్లిప్‌ను ఐదారు శాతం అటూఇటూ చేస్తుంది.

పాత పడవలో రెండు మీటర్లను గుడ్డిగా నమ్మకూడదు. పిటో గొట్టంతో, అంటే ఎదురొచ్చే నీటి ఒత్తిడితో పనిచేసే స్పీడోమీటరు గొట్టంలో కాస్త చెత్త చేరినా తప్పు చూపుతుంది, కాబట్టి వేగానికి జీపీఎస్సే వాడండి. ఆర్‌పీఎం చూపే టాకోమీటరు వెనక చిన్న సెలెక్టర్ స్విచ్ ఉంటుంది. ఎవరో టాకోమీటరు మార్చి ఆ స్విచ్‌ను మీ ఇంజిన్‌కు సరిపడే చోట పెట్టకపోతే ఆర్‌పీఎం అంతా తప్పే. లెక్కలో స్లిప్ 3 శాతమో, అంతకన్నా తక్కువో, సున్నాకు కిందో వస్తే మీ పడవ అద్భుతం అనుకోకండి. టాకోమీటరో, పిచ్చో, రేషియోనో తప్పు.

చక్కగా కుదిరిన తేలికపాటి V అడుగు పడవలో గరిష్ఠ వేగం దగ్గర స్లిప్ 10 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. 20 దాటితే ఎక్కడో శక్తి పోతోంది.

ట్రాన్సమ్ మీద అనుమానంతో మొదలుపెట్టండి

ఇంజిన్ బోల్టులు ముట్టుకునే ముందు ట్రాన్సమ్ పరీక్ష తప్పనిసరి. పాత ఫైబర్ పడవల్లో ట్రాన్సమ్ లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు బెజ్జాల గుండా నీరు చేరి, పైకి ఏమీ కనిపించకుండానే అది కుళ్లుతుంది. ఇంజిన్‌ను సగం టిల్ట్ చేసి, గేర్‌కేస్ మీద చేత్తో గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒకరు నొక్కుతుంటే మరొకరు ట్రాన్సమ్ పైఅంచును చూడాలి. అంచు ఊగినా, బ్రాకెట్ చుట్టూ సన్నని పగుళ్లు తెరుచుకుని మూసుకున్నా పని అక్కడే ఆపండి. తర్వాత సుత్తి పిడితో అంతటా తట్టండి. గట్టి చోట టక్కుమంటుంది, కుళ్లిన చోట బోలుగా, మందంగా వినిపిస్తుంది. ఇంకా అనుమానం ఉంటే ఒక బోల్టు తీసి, ఆ బెజ్జం లోపలి గోడను స్క్రూడ్రైవర్ మొనతో గీకండి. పొడిగా, లేత రంగు పొట్టు రాలితే మంచిదే. తడిసిన ముదురు గోధుమ రంగు ముద్ద వస్తే ట్రాన్సమ్ మార్చాలి. 150 కిలోలకు పైబడిన ఇంజిన్ ఆ చెక్క మీదే వేలాడుతోంది, దానికి మినహాయింపు లేదు.

ఇప్పుడున్న ఎత్తు కొలవడం

పడవ ట్రైలర్ మీద ఉండగానే రెండు మీటర్ల తిన్నని అల్యూమినియం బద్దను అడుగున, మధ్యగీత పక్కనే ఆనించి, వెనక ఇంజిన్ దాకా చాపండి. ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన ఉండే బల్లపరుపు రేకు, అంటే క్యావిటేషన్ ప్లేటు, బద్దకు సమాంతరంగా వచ్చేదాకా ట్రిమ్ (ఇంజిన్ వంపు కోణం) సవరించండి. బద్ద పైఅంచు నుంచి ప్లేటు ఎంత పైన ఉందో, ఎంత కింద ఉందో మిల్లీమీటర్లలో రాసుకోండి. ప్లేటు అడుగుకంటే కింద ఉంటే వేగం అక్కడే పోతోంది. అడుగుతో సమంగా ఉండటం మంచి మొదలు. అక్కడి నుంచి పైకి ఒక్కో మెట్టు వెళదాం.

ఇంజిన్ ట్రాన్సమ్‌కు నేరుగా కాకుండా జాక్‌ప్లేటు (ట్రాన్సమ్‌కూ ఇంజిన్‌కూ మధ్య బిగించే బ్రాకెట్) మీద కొంత వెనక్కి ఉంటే ఇంకాస్త ఎత్తు పెట్టవచ్చు. అడుగు వదిలిన నీరు వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తుంది కాబట్టి ప్లేటు దానికి తగ్గట్టు పైకి పోవాలి.

ఎత్తడం

పెద్ద ఇంజిన్లలో బ్రాకెట్ పైభాగాన ఒకదాని కింద ఒకటి బెజ్జాలు ఉంటాయి. వాటి మధ్య దూరం 19 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. కింద బెజ్జాలకు బదులు నిలువు గాడులు ఉంటాయి. ట్రాన్సమ్‌కు కొత్తగా రంధ్రం వేయనక్కర లేదు. ఇంజిన్‌ను ఎత్తి, అదే పై బోల్టును బ్రాకెట్‌లో ఒక బెజ్జం కిందికి మారిస్తే ఇంజిన్ ఒక మెట్టు పైకి వచ్చినట్టే.

ఇంజిన్ లిఫ్టింగ్ కొక్కేనికి చైన్ పుల్లీ తగిలించి, గొలుసు బిగుసుకునేదాకా లాగి, బరువు దాని మీదికి వచ్చాకే నట్లు వదులు చేయండి. ముందు కింది నట్లు, బయటికి తీయకుండా వదులుగా. తర్వాత పై బోల్టులు పూర్తిగా బయటికి. ఇంజిన్ లేచేటప్పుడు పెట్రోలు గొట్టం, స్టీరింగ్ కేబుల్, థ్రాటిల్, గేర్ కేబుళ్లు సాగి బిగుసుకోకుండా ఒకరు చూస్తూ ఉండాలి. కేబుల్ 19 మిల్లీమీటర్లు బిగిసినా గేరు సరిగా పడకపోవచ్చు. బోల్టు చుట్టూ పాత సీలెంటు గీకేసి, పడవలకు వాడే పాలీయురెథేన్ సీలెంటు కొత్తగా పూయండి. రేపు మళ్లీ విప్పేదే కదా అని పొడిగా బిగించకండి, ఆ ఒక్క రోజు నీరే ప్లైవుడ్‌లోకి దారి చేసుకుంటుంది. మామూలు సిలికాన్ పనికిరాదు. లోపలివైపు వెడల్పాటి వాషర్లు, నైలాక్ నట్లు (వదులు కాకుండా నైలాన్ రింగు ఉన్నవి) తప్పనిసరి.

నీళ్ల ప్రెషర్ గేజి లేకుండా పైకి పోవద్దు

ఇంజిన్‌ను చల్లబరిచే నీరు గేర్‌కేస్ పక్కల ఉన్న రంధ్రాల నుంచే వస్తుంది. ఇంజిన్ పైకి లేచేకొద్దీ ఆ రంధ్రాలు నీటి ఉపరితలానికి దగ్గరవుతాయి. గాలి కలిసిన నీరు పంపులోకి పోతే గరిష్ఠ వేగంలో ఒకటి రెండు నిమిషాల్లోనే పిస్టన్లు బిగుసుకుంటాయి. పక్కనుంచి చిమ్మే చిన్న నీటిధారను చూసి సరిపెట్టుకోవద్దు. లోపల ప్రెషర్ సగానికి పడిపోయినా ధార వస్తూనే ఉంటుంది. 0–30 పీఎస్ఐ గేజి కొని, మాన్యువల్ చూపిన చోట బ్లాకుకు కలపండి. మొదటి పరీక్షకు ముందే ఇంపెల్లర్ (నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం) కొత్తది వేయండి. లేకపోతే ప్రెషర్ తగ్గడం ఎత్తు వల్లనో, అరిగిన ఇంపెల్లర్ వల్లనో తేలదు.

ఫుల్ థ్రాటిల్‌లో కనీస ప్రెషర్ ఎంతో మాన్యువల్‌లో ఉంటే అదే హద్దు. లేకపోతే పాత V6 టూ-స్ట్రోకులకు 12 పీఎస్ఐ దగ్గరే ఆగండి. అంకె కంటే ముల్లు తీరే ముందు హెచ్చరిస్తుంది. స్థిరంగా ఉండాల్సిన ముల్లు వణుకుతుంటే పంపులోకి గాలి పోతోందని అర్థం, ఆ అంకె ఎంతున్నా సరే. ట్రిమ్ పైకి పెట్టేకొద్దీ కూడా ప్రెషర్ తగ్గుతుంది కాబట్టి చివరి కొలత పూర్తి ట్రిమ్‌లోనే తీసుకోండి.

పరీక్ష

ప్రతిసారీ అదే మనుషులు, అదే పెట్రోలు, అదే చోట. అద్దంలాంటి నీటికన్నా సన్నని అలలున్న నీరు నయం, అడుగు నీటిని త్వరగా వదులుతుంది. ప్రవాహం, గాలి ప్రభావం పోవడానికి రెండు దిక్కులా పరిగెత్తించి సగటు తీయండి. నడిపేవారు దారి మీదే దృష్టి పెట్టాలి, గేజీలు చదివి రాయడం రెండోవారి పని. ఇంజిన్ ఆపే తాడు నడిపేవారి ఒంటికి, లైఫ్ జాకెట్ ఇద్దరికీ.

21 పిచ్ ప్రొపెల్లర్, 1.86 రేషియో ఉన్న పడవలో లెక్క ఇలా వచ్చిందనుకుందాం. ప్లేటు అడుగుతో సమంగా ఉన్నప్పుడు 5200 ఆర్‌పీఎం, 73 కిలోమీటర్లు, స్లిప్ 18.4 శాతం. ఒక మెట్టు ఎత్తాక 5300, 75.5 కిలోమీటర్లు, 17.2 శాతం. రెండో మెట్టు దగ్గర 5400, 77.5, 16.6 శాతం. మూడో మెట్టు దగ్గర 5550 ఆర్‌పీఎం, కానీ వేగం అదే 77.5. స్లిప్ 18.8కి ఎగబాకింది.

ఈ చివరి వరుసే అసలు పాఠం. ఆర్‌పీఎం పెరిగింది, ఇంజిన్ చప్పుడు హుషారుగా మారింది, సీట్లో కూర్చున్నవారికి పడవ ఇంకా వేగంగా పోతున్నట్టే అనిపిస్తుంది. నిజానికి ప్రొపెల్లర్ పట్టు వదులుతోంది. ఇక్కడ ఒక మెట్టు దించి రెండో మెట్టు దగ్గరే బిగించాలి. ఆర్‌పీఎం, వేగం కలిసి పెరుగుతున్నంతవరకే ఎత్తు లాభం. ఆర్‌పీఎం ఒక్కటే పెరగడం మొదలైతే హద్దు దాటినట్టే.

ఇంకో గుర్తు కంటికే కనిపిస్తుంది. పూర్తి వేగంలో రెండోవారు వెనక్కి చూస్తే క్యావిటేషన్ ప్లేటు నీటి మీద తేలుతూ కనబడాలి. ప్లేటు నీళ్లలో మునిగి, దాని మీదుగా తెల్లని నీరు ఎగదన్నుతుంటే ఇంకా ఎత్తవచ్చు.

మూడో మెట్టు దగ్గర పట్టు పోవడానికి ప్రొపెల్లరే కారణం కావచ్చు. అల్యూమినియం రెక్కలు భారం పడితే వంగుతాయి, ఉపరితలానికి దగ్గరగా నీటిని పట్టుకోలేవు. అంచుకు కప్పింగ్ (రెక్క అంచున చిన్న వంపు) ఉన్న స్టీలు ప్రొపెల్లర్ అదే ఎత్తులో నిలబడగలదు. అది వచ్చే పాఠం.

ఎత్తిన తర్వాత స్టీరింగ్

ప్లేటు కింద ఉండే చిన్న ట్రిమ్ ట్యాబు, చక్రం ఒకవైపు లాగకుండా సరిచేసేది. ఇంజిన్ పైకి లేస్తే అది నీటి బయటికి వచ్చి పని మానేస్తుంది, చక్రం అకస్మాత్తుగా బరువెక్కుతుంది. చక్రాన్ని నెమ్మదిగా అటూఇటూ కదిపి, ఇంజిన్ కదలడానికి ముందు ఎంత ఖాళీ ఆడుతోందో చూడండి. ఖాళీ ఉంటే ముందు దాన్ని సరిచేయండి. గంటకు 100 కిలోమీటర్ల దరిదాపుల్లోకి పోయే పడవకు ఒంటి కేబుల్ స్టీరింగ్ చాలదు, జంట కేబుల్ గానీ హైడ్రాలిక్ గానీ కావాలి.

మలుపుకు ముందే ట్రిమ్ కొంచెం లోపలికి తెచ్చుకోండి, ఎత్తు పెంచిన ఇంజిన్ మలుపులో తొందరగా గాలి పీలుస్తుంది. ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగిరితే థ్రాటిల్ కాస్త తగ్గించి, పట్టు దొరికాక మళ్లీ ఇవ్వండి. పడవ ఒక పక్కనుంచి మరో పక్కకు ఊగడం మొదలైతే థ్రాటిల్‌ను ఒక్కసారిగా మూయకండి. కొద్దికొద్దిగా తగ్గిస్తే అదే సర్దుకుంటుంది.

వచ్చే పాఠానికి ముందు: కనీసం మూడు ఎత్తుల్లో ప్లేటు కొలత, ఆర్‌పీఎం, రెండు దిక్కుల జీపీఎస్ వేగం, నీళ్ల ప్రెషర్, స్లిప్ శాతం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎంచుకున్న ఎత్తులో ఆర్‌పీఎం మీ ఇంజిన్ గరిష్ఠ పరిధిని దాటితే, పిచ్ పెద్దది మార్చేదాకా ఫుల్ థ్రాటిల్ ఇవ్వకండి. పిచ్ ఒక అంగుళం మారితే ఆర్‌పీఎం సుమారు 150 నుంచి 200 దాకా మారుతుంది. మీకు ఎన్ని అంగుళాలు కావాలో ఆ కాగితం చూసి 4వ పాఠంలో లెక్కేద్దాం.