వానాకాలంలో ఐసీయూ పడక దగ్గర: సూడోమోనాస్‌కు కోరం పూర్తికాకముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

వానలు ముదిరేసరికి గుంటూరు కొత్తపేటలోనూ, విజయవాడ సూర్యారావుపేటలోనూ ఆస్పత్రుల వరండాలు క్యారియర్లతో, చాపలతో, తడి గొడుగులతో నిండిపోతాయి. ఇంట్లో మనిషిని ఐసీయూలో ఉంచినవారూ, రేపో ఎల్లుండో ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నవారూ ముందుగా తెలుసుకోవలసిన బాక్టీరియా ఒకటి ఉంది. దాని పేరు సూడోమోనాస్ ఎరుజినోసా. రోగి ఏ జబ్బుతో చేరినా, ఆస్పత్రిలో ఉండగా కొత్తగా అంటుకునే బాక్టీరియాల్లో ఇది ముఖ్యమైనది. కార్బపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్‌లకు లొంగని సూడోమోనాస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనూ, మళ్లీ 2024లోనూ కొత్త మందులు అవసరమైన బాక్టీరియాల ప్రాధాన్య జాబితాలో చేర్చింది.

ల్యాబులో రోగి నమూనా నుంచి బాక్టీరియాను పెంచే పళ్లెం, అంటే కల్చర్ ప్లేటు, మూత తీస్తే దీన్ని చాలాసార్లు చూసీచూడగానే గుర్తుపట్టవచ్చు. జెల్ అంతా నీలం కలిసిన ఆకుపచ్చగా మారి ఉంటుంది, పండిన ద్రాక్ష వాసన తగులుతుంది. ఆ నీలం పయోసయనిన్ అనే పదార్థానిది. గాయాల కట్లకు పట్టే ఈ రంగు మరకలను పరిశీలించి 1882లో ఫ్రాన్సుకు చెందిన కార్ల్ జెస్సార్ దీన్ని వేరుచేశాడు. కాబట్టి డ్రెస్సింగ్ మార్చేటప్పుడు గుడ్డ మీద ఆకుపచ్చ మరక గానీ, తియ్యటి వాసన గానీ కనిపిస్తే దాన్ని చుట్టి చెత్తబుట్టలో పడేయకుండా ముందు నర్సుకు చూపించండి.

పంచాయతీ సమావేశానికి కోరం లేకపోతే తీర్మానం జరగదు కదా, ఈ బాక్టీరియా పద్ధతి కూడా దాదాపు అంతే. శాస్త్రవేత్తలు సైతం దీన్ని కోరమ్ సెన్సింగ్ అనే అంటారు. ప్రతి కణమూ ఎసైల్ హోమోసెరిన్ లాక్టోన్ అనే చిన్న అణువులను కొద్దికొద్దిగా బయటికి వదులుతూ ఉంటుంది. కణాలు పలచగా ఉన్నంతసేపు ఆ అణువులు చెదిరిపోతాయి. కణాలు గుంపుగా పెరిగి, చుట్టూ ఆ అణువుల మోతాదు ఒక స్థాయి దాటగానే, లాస్, ఆర్‌హెచ్‌ఎల్ అనే రెండు వ్యవస్థలు, వాటికి తోడు పీక్యూఎస్ అనే మూడోది మేల్కొని వందలాది జన్యువులను పనిలోకి దింపుతాయి. అప్పుడు ఊపిరితిత్తుల సాగుడు కణజాలాన్ని కొరికే ఎలాస్టేజ్, తెల్లరక్తకణాలను చంపే రామ్నోలిపిడ్, కణాలను లోపలినుంచి దెబ్బతీసే పయోసయనిన్ ఒక్కసారిగా తయారవుతాయి. అన్ని ఆయుధాలూ కోరం కోసం ఆగవన్నది కూడా నిజమే. మన కణాన్ని తాకగానే సూదిలాంటి నిర్మాణంతో విషాన్ని నేరుగా లోపలికి ఎక్కించే ఏర్పాటు దీనికి విడిగా ఉంది. అయినా గుంపు కట్టనివ్వకపోవడమే బంధువుల చేతిలో ఉన్న పెద్ద రక్షణ అని నా నమ్మకం. కింది జాగ్రత్తలన్నీ ఆ ఒక్క ఉద్దేశంతో చెబుతున్నవే.

ఇది గుంపు కట్టడానికి తడి కావాలి. సింకు గొట్టం, కుళాయి మూతి, తుడుపుగుడ్డ, ఆక్సిజన్ సీసాలో బుడగలు వచ్చే నీరు, ఆఖరికి నీళ్లు కలిపి రోజుల తరబడి నిలవ ఉంచిన క్రిమిసంహారక ద్రావణం కూడా దీనికి ఇల్లే. వార్డులో చేతులు కడుక్కునే సింకులో రోగి తాగిన గ్లాసు కడగడం, మిగిలిన కాఫీ, మజ్జిగ పారబోయడం మనవాళ్లకు బాగా అలవాటు. ఆ పాలూ చక్కెరా గొట్టంలోని బాక్టీరియాకు ఆహారమవుతాయి. కుళాయి ధార నేరుగా జాలీ మీద పడినప్పుడు ఎగిరే తుంపరలు రెండు మూడు అడుగుల దూరంలో పెట్టిన చెంచా మీదా, దూది మీదా పడతాయి. అందువల్ల రోగి వస్తువులేవీ సింకు పక్కన పెట్టకండి, గ్లాసులు వేరేచోట కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఆక్సిజన్ సీసాలో నీళ్లు తగ్గితే మీరుగా కుళాయి నీళ్లు పోయకుండా సిబ్బందిని పిలవండి.

తడి తరువాత దీనికి ఇష్టమైన చోటు గొట్టం. మూత్రం గొట్టానికి గానీ, వెంటిలేటర్ గొట్టానికి గానీ కొన్ని గంటల్లో అతుక్కుని, చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఆ పొర ముదిరాక మందు మోతాదు ఎంత పెంచినా లోపల సరిగా పనిచేయదు, చాలాసార్లు గొట్టం మార్చడమో తీసేయడమో తప్పదు. మూత్రం గొట్టం ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం ఉంటుందని అంచనా. అందుకే రౌండ్లకు వచ్చిన డాక్టరుగారిని రోజూ, మొహమాటపడకుండా, "ఈ గొట్టం ఇవాళ కూడా అవసరమేనా అండీ?" అని అడగండి. రోగిని అటూ ఇటూ కదిలించేటప్పుడు మూత్రం సంచిని పొట్ట మీద పెట్టే పొరపాటు తరచూ జరుగుతుంది. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలను తాకకూడదు, గొట్టం మెలిపడకూడదు. వెంటిలేటర్ మీద ఉన్నవారికి, డాక్టర్లు వద్దని చెప్పకపోతే, తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉందో లేదో గమనించండి.

చేతుల విషయం అందరికీ తెలిసిందే, అయినా చేసేవారు తక్కువ. రోగిని తాకే ముందూ, తాకిన తరువాతా ఆల్కహాల్ ద్రావణంతో 20 నుంచి 30 సెకన్లు, లేదా సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు రుద్దుకోవాలి. ఫోను తాకిన చేత్తో గొట్టాన్ని సర్దవద్దు. కీమోథెరపీ తీసుకునేవారి గదిలోకి పూల కుండీలు, కోసిన పచ్చి కూరగాయలు తీసుకెళ్లకండి.

జ్వరం తిరగబెట్టిందని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని తెచ్చి ఇవ్వడం ప్రమాదం. అమాక్సిసిలిన్ వంటి సాధారణ మందులను ఇది పుట్టుకతోనే తట్టుకుంటుంది. దీని పైపొర మందును తేలికగా రానివ్వదు, వచ్చినదాన్ని పంపులు బయటికి తోసేస్తాయి. వీలైతే మందు మొదలుపెట్టకముందే కల్చర్‌కు నమూనా పంపాలి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అయితే రిపోర్టులో సూడోమోనాస్ పేరు చూడగానే పెద్ద మందు రాయమని డాక్టరుపై ఒత్తిడి తేవద్దు. గొట్టం మీద ఊరికే నివాసముంటున్నదా, నిజంగా ఒంటిని పాడుచేస్తున్నదా అన్నది రోగి లక్షణాలు చూసి ఆయనే తేల్చాలి.

ఇంటికి వచ్చాక కూడా తడి విషయం మరవకండి. నెబ్యులైజర్ గిన్నెను వాడిన ప్రతిసారీ విప్పి కడిగి, డాక్టరు చెప్పిన పద్ధతిలో శుద్ధి చేసి, ఆరబెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు విజయవాడ ఇళ్లలోకి వచ్చినప్పుడు చాలామంది రోజుల తరబడి ఆ నీళ్లలోనే నడిచారు. అలాంటి వాన మళ్లీ వస్తే, మధుమేహం ఉన్నవారు, కాళ్ల మీద పుండ్లు ఉన్నవారు బూట్లు లేకుండా నీళ్లలో దిగవద్దు. తప్పక దిగవలసి వస్తే బయటికి రాగానే శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకుని, పుండు రంగు మారినా, చీము ఆకుపచ్చగా మారినా అదే రోజు డాక్టరుకు చూపించండి.