భూకంప కంపనాల విలువలు అంచనా వేసే ముందు: విజయవాడలో పాటించవలసిన జాగ్రత్తలు

భూకంపాలను తట్టుకునే నిర్మాణాల డిజైన్‌కు భారతీయ ప్రమాణమైన (కోడ్) ఐఎస్ 1893 (2016) ప్రకారం విజయవాడ, గుంటూరు రెండూ మూడో భూకంప జోన్‌లో ఉన్నాయి, జోన్ ఫ్యాక్టర్ (ఆ జోన్‌లో నేల కంపన తీవ్రతను సూచించే సంఖ్య) 0.16. అయినా ప్రస్తుతం అమలులో ఉన్న కోడ్ ఏదో ముందుగా సరిచూసుకోవాలి.

ఎక్కువ శ్రద్ధ నేల మీద పెట్టాలి. ఇంద్రకీలాద్రి దగ్గర రాయి పైకే కనిపిస్తుంది; ఆ దగ్గరలోనే ఉన్న కృష్ణలంకలో బోరు వేస్తే నది మేట వేసిన ఇసుక, ఒండ్రు వస్తాయి. కాబట్టి పక్క స్థలం నివేదికను అరువు తెచ్చుకోకుండా, మన స్థలంలోనే ఎస్‌పీటీ (బోరులో గొట్టాన్ని సుత్తి దెబ్బలతో దించి నేల గట్టిదనాన్ని కొలిచే పరీక్ష) చేయించి, బోర్‌లాగ్‌లో (బోరు పొరల నమోదులో) ఒక్కొక్క పొర ఎన్ విలువను, అంటే ఆ దెబ్బల సంఖ్యను, స్వయంగా చదవాలి. ఎన్ 10 కన్నా తక్కువగా ఉన్న మెత్తని నేలను మధ్యరకం అని రాసేస్తే, ఎత్తైన భవనంపై పడే బలం ఉండవలసినదానికన్నా తక్కువగా లెక్కకు వస్తుంది. ఈ పొరపాటు కాగితం మీద ఎవరి కంటికీ ఆనదు. భూగర్భ నీటిమట్టం కూడా నమోదు చేయాలి, ఎందుకంటే నీరు నిండిన వదులు ఇసుక కంపనాలకు ద్రవంలా మారవచ్చు.

0.16 అనేది ఆ జోన్‌లో పరిగణించే అత్యధిక భూకంపానికి చెందిన విలువ. డిజైన్ సూత్రంలోనే దాన్ని రెండుతో భాగిస్తారు కనుక ముందే సగం చేసి ఇవ్వకూడదు.

స్థలానికి ప్రత్యేకంగా అంచనా వేస్తున్నట్లయితే 1967 ఒంగోలు, 1969 భద్రాచలం భూకంపాలను పాత భూకంపాల జాబితాలో చేర్చాలి. కంపనాన్ని లెక్కించడానికి వాడే సమీకరణం ఏ రకం మాగ్నిట్యూడ్‌ను (భూకంప పరిమాణాన్ని), ఏ రకం దూరాన్ని కోరుతుందో చూడాలి. 1 జీ (గురుత్వ త్వరణం) అంటే సెకనుకు సెకనుకు 981 సెంటీమీటర్లు. యూనిట్లను ప్రతి షీటులోనూ రాయాలి.