ఫస్ట్ డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే కెమెరా) కొనేటోళ్లకు ఒక మాట

పైసలన్నీ బాడీ (లెన్స్ లేని ఉత్త కెమెరా) మీదనే పెట్టకుండ్రి. బాడీ సెకండ్ హ్యాండ్‌ది అయినా నడుస్తది, షటర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) ఎంతుందో అడిగి చూస్కోండ్రి చాలు, మిగిలిన పైసలతోని 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ (ఎఫ్ అంకె ఎంత చిన్నగుంటే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తది) ఒకటి తీస్కోండ్రి. ఎందుకు చెప్తున్ననంటే మా నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది గదా, ఆ మండపంల స్తంభాల మీది చెక్కడాలు తీద్దామని నేను కొత్తల కిట్ లెన్స్ (కెమెరాతోని కలిపి ఇచ్చేది) పట్టుకొని పోయిన, లోపల చీకటి, ఐఎస్ఓ (తక్కువ వెలుగుల గూడ ఫొటో వచ్చేటట్టు పెంచుకునే సెట్టింగ్) పెంచితే ఫొటో అంతా గింజలు గింజలు, తగ్గిస్తే షేక్, పొద్దుగాల పోయి మధ్యాహ్నం దాకా తీస్తే ఒక్కటి సక్కగ రాలే. 18-55 కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్/5.6కు పోతది, 1.8ల దానికి దాదాపు తొమ్మిది పది రెట్ల వెలుగు వస్తది. తేడా ఆడనే ఉంది.

నికాన్ డీ3000, డీ5000 సిరీస్ బాడీలల్ల ఫోకస్ మోటర్ ఉండదు, అందుకని 50 ఎంఎంల ఏఎఫ్-ఎస్ రకమే (మోటర్ లెన్స్‌లనే ఉంటది) అడుగుండ్రి, సస్తగ దొరుకుతుందని పాత 'డీ' రకం తెస్తే చేత్తోనే ఫోకస్ తిప్పుకోవాలె. ఇంకో బ్యాటరీ, ఒక్క 64 జీబీ కార్డుకు బదులు 32వి రెండు, దుమ్ముకు రబ్బర్ బ్లోయర్ గూడ తీస్కోండ్రి. సెన్సర్ (కెమెరా లోపల ఫొటో పడే చిప్) మీద నోటితోని మాత్రం ఊదకుండ్రి, తుంపర్లు పడ్తయి. ట్రైపాడ్ తర్వాత సూడొచ్చు, అగ్గువది అసలే వద్దు, గాలికే ఊగుతది.