ఇంట్లో అందరూ ఉండగా సహాయం అడగడం ఎలా: మహమ్మారి రోజుల్లో మహిళలకు మానసిక, ఆపద సహాయం

2020 మార్చిలో ఇటలీలో లాక్‌డౌన్ మొదలైన తొలి రోజుల్లో గృహహింస హెల్ప్‌లైన్లకు వచ్చే ఫోన్లు తగ్గాయి. హింస తగ్గి కాదు, కొట్టేవాడు రోజంతా ఇంట్లోనే ఉండటంతో ఫోన్ చేసే వీలు లేక. మహమ్మారి రోజుల్లో అసలు చిక్కు ఇదే. హెల్ప్‌లైన్లు పనిచేస్తుంటాయి, డాక్టర్లు వీడియోలో దొరుకుతారు. పనికి వెళ్లే దారిలోనో, పిల్లల్ని బడిలో దింపి వచ్చేటప్పుడో ఒంటరిగా దొరికే ఆ పది నిమిషాలే దొరకవు. కొట్టే మనిషి లేని ఇంట్లో కూడా ఇదే పరిస్థితి. పక్క గదిలో అందరూ ఉండగా "నాకు బతకాలని లేదు" అని గొంతు పెగల్చుకుని చెప్పడం ఎవరికీ తేలిక కాదు. అందుకే నంబరు వెతికే ముందు రెండు విషయాలు తేల్చుకోండి: ఇది ఎంత తొందర, ఎవరి చెవిన పడకుండా మాట్లాడాలి.

ఎంత తొందర?

ప్రాణం తీసుకోవాలని నిశ్చయించుకుని, ఎలాగో ఎప్పుడో కూడా అనుకున్నారంటే అది ఈ నిమిషపు ఆపద. ఎవరైనా కొడుతున్నా, ఆయుధం చూపిస్తున్నా, గొంతు నులిమినా అంతే. అప్పుడు కౌన్సెలింగ్ లైన్ కోసం చూడకండి, నేరుగా అత్యవసర నంబరుకు చేయండి. గొంతు నులిమిన సంగతిని తేలిగ్గా తీసుకోకండి. మెడ మీద గుర్తేమీ లేకపోయినా లోపలి వాపు కొన్ని గంటల తర్వాత ఊపిరికి అడ్డం పడవచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, తల తిరిగినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఒకసారి గొంతు పట్టుకున్న మనిషి చేతిలో తర్వాత ప్రాణం పోయే ముప్పు చాలా ఎక్కువ. డాక్టరుకైనా హెల్ప్‌లైన్‌కైనా ఈ మాట ముందు చెప్పండి.

చచ్చిపోతే బాగుండునని అనిపిస్తున్నా ఎలా అన్న ఆలోచన లేకపోతే, వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోతే, నిన్న చేయి చేసుకోవడం జరిగితే, ఇవాళే ఎవరితోనైనా మాట్లాడాలి.

ఏదీ తేల్చుకోలేకపోతే డిప్రెషన్ ఎంత ఉందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఈ వారంలో డాక్టరును కలవండి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి జవాబు 0 తప్ప ఏదైనా అయితే మొత్తంతో పని లేదు, ఆ రోజే ఫోన్ చేయండి. ఇది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు. కానీ ఫోన్‌లో మాట తడబడినప్పుడు "నాకు 16 వచ్చింది, తొమ్మిదో ప్రశ్నకు 2" అంటే చాలు, అవతలి వాళ్లకు సంగతి అందుతుంది.

గంట, మూల, సాకు

ఈ మూడూ ముందే ఎంచుకోండి. ఇంట్లో ఎవరు ఎప్పుడు స్నానానికి వెళ్తారు, ఎవరు మధ్యాహ్నం కునుకు తీస్తారు, ఎవరు మీటింగులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటారు, రెండు రోజులు గమనిస్తే గంట దొరుకుతుంది. మూల అంటే మేడ మీద, మెట్ల దగ్గర, ఆపి ఉంచిన కారులో, మందుల షాపుకు వెళ్లే దారిలో. స్నానాల గదిలో కుళాయి తిప్పి మాట్లాడతారు చాలామంది. నీళ్ల చప్పుడు మాటల్ని కొంత కప్పుతుంది గానీ గోడలు మాటను తిప్పికొడతాయి, అక్కడ గుసగుసే నయం. సాకు: "బ్యాంకు వాళ్లు", "పిల్లల టీచరు". ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అవతలి మాట బయటికి వినపడదు. మీ మాట మాత్రం వినపడుతుంది. కాబట్టి అవతలి వాళ్లు ఫోన్ ఎత్తగానే ఇలా అనండి:

"నేను ఎక్కువ మాట్లాడలేను. అవును, కాదు అని చెప్పేలా అడగండి. నేను రాంగ్ నంబర్ అన్నానంటే ఎవరో వచ్చారని. మీరు తిరిగి ఫోన్ చేయొద్దు."

చివరి మాట మరిచిపోకండి. లైన్ తెగిపోయిందని కంగారుపడి అవతలి వాళ్లు మళ్లీ చేసే సమయానికి ఫోన్ ఇంకొకరి చేతిలో ఉండొచ్చు. చాట్ లేదా మెసేజ్ సౌకర్యం ఉన్న హెల్ప్‌లైన్ అయితే గోడకు అవతల ఎవరున్నా ఫరవాలేదు. చేతిలో ఫోన్ చూసేవాళ్లకు అనుమానం రాదు కూడా.

కాల్ అయ్యాక ఆ ఒక్క నంబరునే జాబితా నుంచి తీసేయండి. మొత్తం ఖాళీ చేస్తే అదే అనుమానానికి దారి. బ్రౌజర్లో ప్రైవేట్ విండో వాడితే చూసిన పేజీలు ఆ ఫోన్‌లో మిగలవు. కానీ నిఘా యాప్ ఉంటే అది ఆగదు. వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" తెరిచి మీకు తెలియని కంప్యూటరు ఉందేమో చూడండి. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఎవరికి ఉందో చూడండి. కనెక్షన్ ఇంకొకరి పేరు మీద ఉంటే బిల్లులో నంబర్లు కనపడవచ్చు. ఎవరికీ చెప్పని సంగతులు కూడా కొట్టే మనిషికి తెలిసిపోతున్నాయంటే ఆ ఫోన్ నమ్మదగింది కాదు. నిఘా యాప్ దొరికినా వెంటనే తీసేయకండి. తీసేసిన సంగతి అవతలికి తెలుస్తుంది, కోపం మీ మీదికి వస్తుంది. ఆ ఫోన్‌ని మామూలు కబుర్లకు వాడుతూ, సహాయానికి పక్కింటివాళ్లదో స్నేహితురాలిదో వాడండి.

నంబర్లు, ఫోన్ ఎత్తాక జరిగేది

భారత్‌లో అత్యవసరానికి 112, మహిళా హెల్ప్‌లైన్ 181, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416. ఇది 2022 అక్టోబరు నుంచి రాత్రింబవళ్లూ నడుస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు. అమెరికాలో అత్యవసరానికి 911, మానసిక సంక్షోభానికి 988, గృహహింసకు 1-800-799-7233, గర్భిణులకూ బాలింతలకూ 1-833-852-6262. బ్రిటన్‌లో అత్యవసరానికి 999, మానసిక సహాయానికి సమారిటన్స్ 116 123, ఇంగ్లండ్‌లో గృహహింసకు 0808 2000 247. ఆస్ట్రేలియాలో అత్యవసరానికి 000, మానసిక సంక్షోభానికి లైఫ్‌లైన్ 13 11 14, హింసకు 1800 737 732. ఇంగ్లీషులో ఇబ్బందైతే ఎత్తగానే "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడగండి, చాలా దేశాల్లో దుబాసీని లైన్లో కలుపుతారు. పిల్లల్నో భర్తనో దుబాసీగా పెట్టుకోకండి. వాళ్ల ముందు చెప్పలేని మాట కోసమే కదా ఈ ఫోన్.

ఈ నంబర్లను అసలు పేరుతో సేవ్ చేయకండి. టైలరనో, గ్యాస్ బుకింగనో పెట్టుకోండి. ఒకటి కంఠతా పట్టండి.

రద్దీ రోజుల్లో లైన్ బిజీగా ఉంటుంది. తెల్లవారుజామున, మధ్యాహ్నం మళ్లీ ప్రయత్నించండి. ఎత్తాక మొదట అడిగేది "ఇప్పుడు మీరు క్షేమంగా ఉన్నారా?" అని. పేరు చెప్పాల్సిన పని లేదు. కౌన్సెలర్ వింటారు, దారి చెబుతారు. మందులు రాసేది సైకియాట్రిస్టు, మాటలతో చికిత్స చేసేది సైకాలజిస్టు. ఫోన్ పెట్టే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: తర్వాత నేను ఎవరిని కలవాలి, ఎప్పుడు, ఈలోగా కష్టమైతే ఏ నంబరు.

అన్ని కాల్స్ బాగా జరగవు. "కాస్త సర్దుకుపోండి", "పిల్లల కోసం ఓర్చుకోండి" అనే మనిషి తగలొచ్చు. ఆ తప్పు మీది కాదు. పెట్టేసి మళ్లీ చేయండి, వేరొకరు ఎత్తుతారు. మొదటిసారి మనసు విరిగి మళ్లీ అడగకపోవడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది.

వీడియోలో డాక్టరుతో మాట్లాడితే మొదటి రెండు నిమిషాల్లోనే మీరున్న చిరునామా, మీకు నమ్మకమైన ఒకరి నంబరు చెప్పండి. ఏదైనా జరిగితే వాళ్లు సహాయం పంపాలి కదా. లైన్ తెగితే ఎవరు ఎవరికి చేయాలో, గదిలోకి ఎవరైనా వస్తే ఏ మాట అనాలో ముందే అనుకోండి.

మాట్లాడలేని క్షణంలో

భారత్‌లో చాలా స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ గబగబా మూడుసార్లు, కొన్నింటిలో ఐదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్తుంది. కీప్యాడ్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి. కొన్ని ఫోన్లు ఆ సమయంలో గట్టిగా సైరన్ మోగిస్తాయి. మీ ఫోన్ ఏం చేస్తుందో సెట్టింగుల్లో ముందే చూసి, ఆ శబ్దాన్ని ఆపేసి పెట్టుకోండి. బ్రిటన్‌లో మొబైల్ నుంచి 999 చేసి, మాట్లాడలేకపోతే అడిగినప్పుడు 55 నొక్కాలి. అది పోలీసులకు కలుపుతుందే గానీ మీరున్న చోటు చెప్పదు. అసలు 999 చేయకుండా 55 నొక్కితే ఏమీ జరగదు.

2020 ఏప్రిల్‌లో కెనడియన్ విమెన్స్ ఫౌండేషన్ వీడియో కాల్ కోసం ఒక చేతి సైగ తెచ్చింది. అరచేయి కెమెరా వైపు పెట్టి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్లూ దాని మీద మూయడం. అంతే, ఒక్క మాట అక్కర్లేదు. ఇది మీ అక్కకో స్నేహితురాలికో ముందే నేర్పితేనే పని చేస్తుంది. సైగ చూసినవాళ్లు వెంటనే తలుపు తట్టడమో, కొట్టేవాణ్ని నిలదీయడమో చేయకూడదు. వేరే దారిలో మెసేజ్ పెట్టి "పోలీసులకు చెప్పనా?" అన్నట్టు ఒక్క మాటలో జవాబిచ్చేలా అడగాలి.

గొడవ మొదలైతే వంటగది, స్నానాలగది వైపు వెళ్లకండి. ఒకచోట కత్తులు, ఇంకోచోట బయటికి దారి లేదు. గుర్తింపు కార్డులు, పిల్లల కాగితాల ఫొటోలు నమ్మకమైన ఒకరికి పంపి మీ ఫోన్‌లో తీసేయండి. లాక్‌డౌన్‌లో కూడా ప్రాణభయంతో ఇల్లు విడిచి వెళ్లేవారికి చాలా దేశాలు మినహాయింపు ఇచ్చాయి. ఆశ్రయం ఇచ్చే చోట పరీక్ష రిపోర్టు అడుగుతారా, కొన్నాళ్లు విడిగా ఉంచుతారా అన్నది హెల్ప్‌లైన్‌లోనే కనుక్కోండి.

మందులు వాడేవాళ్లకు

డిప్రెషన్ మందులు పని చూపడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. షాపులు మూతపడి ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, వికారం, ఒళ్లంతా షాక్ కొట్టినట్టుండటం రావచ్చు. పది రోజుల మందు మిగిలి ఉండగానే కొత్త చీటీ రాయించుకోండి. చావు ఆలోచనలు ఉన్నప్పుడు మాత్రం నెల మందు దగ్గర పెట్టుకోవద్దు. వారానికి సరిపడా ఇచ్చి, మిగతాది వేరొకరి దగ్గర ఉంచమని అడగండి.

బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. జ్వరం, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. జ్వరానికి ఐబుప్రోఫెన్ వేసుకున్నా పెరుగుతుంది, పారాసిటమాల్ మేలు. చేతులు బాగా వణికినా, మాట ముద్దగా వచ్చినా, నడక తూలినా వెంటనే ఆసుపత్రికి. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడుతుండగా జ్వరం వస్తే ఇన్‌ఫెక్షనే అని ఊరుకోకుండా తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలి.

బాలింతలు

కాన్పయ్యాక మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళి చూడండి: 10 ప్రశ్నలు, 30 మార్కులు, 13 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి ఇంకా ప్రమాదకరమైన సైకోసిస్ అనే మనోవ్యాధి వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. నిద్రే అక్కర్లేనట్టు తిరగడం, లేనివి వినపడటం, బిడ్డ గురించి వింత నమ్మకాలు. ఇది దిష్టీ కాదు, నిద్ర లేని చిరాకూ కాదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అప్పటిదాకా తల్లిని బిడ్డతో ఒంటరిగా వదలకూడదు.

మీరు ఆమె స్నేహితురాలైతే

ఫోన్ ఎత్తగానే "ఎలా ఉన్నావే?" అని కాదు, "ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని అడగండి. చావు ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చాలామందికి ఊపిరి తీసుకున్నట్టుంటుంది. అవునంటే లైన్లో ఉండండి, వేరే ఫోన్ నుంచి హెల్ప్‌లైన్‌కు మీరే కలపండి. ఆమె ఏమీ చెప్పకపోతే బలవంతపెట్టకుండా, రేపు ఏ గంటకు మళ్లీ చేస్తారో చెప్పి ఆ గంటకే చేయండి.