ఉద్యోగం, ఇల్లు వదలకుండా ఐఓపీ: అమెరికాలోని తెలుగువాళ్ళకి ఒక ఆచరణ మార్గం

వారానికోసారి థెరపిస్ట్‌ని కలుస్తున్నా డిప్రెషన్ తగ్గట్లేదు. అలాగని ఆస్పత్రిలో చేరాల్సినంత ప్రమాదమూ లేదు. ఈ మధ్యలో ఉన్నవాళ్ళ కోసం అమెరికాలో ఉన్న చికిత్సే ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్ ప్రోగ్రామ్. అందరూ ఐఓపీ అంటారు. మామూలుగా వారానికి 3 రోజులు, రోజుకి 3 గంటల చొప్పున 9 గంటలు, ఇలా 8 నుంచి 12 వారాలు నడుస్తుంది. ఎక్కువ భాగం గ్రూప్ థెరపీ. దాంతోపాటు వ్యక్తిగత సెషన్, మందులు చూసే సైకియాట్రిస్ట్ లేదా నర్స్ ప్రాక్టీషనర్ అపాయింట్‌మెంట్ ఉంటాయి. వారానికి 20 గంటలు, అంతకు పైన అయితే దాన్ని పార్షియల్ హాస్పిటలైజేషన్, పీహెచ్‌పీ అంటారు. అది చేస్తూ ఫుల్‌టైమ్ ఉద్యోగం నెట్టుకురావడం దాదాపు అసాధ్యం.

ఐఓపీ బలమంతా రాత్రికి ఇంటికి వచ్చేయడంలోనే ఉంది. సాయంత్రం నేర్చుకున్నది ఆ రాత్రే ఇంట్లో, మర్నాడు అదే మేనేజర్ ముందు వాడి చూసుకోవచ్చు. కానీ ఇల్లు, ఆఫీసు ముందుగా సర్దిపెట్టుకోకుండా చేరితే మూడో వారానికే తడబాటు మొదలవుతుంది. చాలాసార్లు దెబ్బతీసేది చికిత్స కాదు, టైము.

ఐఓపీ చాలని పరిస్థితులూ ఉన్నాయి. చనిపోవాలన్న ఆలోచనతో పాటు ఎలా అన్న పథకం కూడా మనసులో ఉంటే, రెండు మూడు రోజులుగా నిద్రే లేకుండా విపరీతమైన హుషారు ఉంటే, లేని మాటలు వినపడుతుంటే ముందు ఎమర్జెన్సీకి వెళ్ళాలి, లేదా ఆత్మహత్య, మానసిక సంక్షోభాల హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయాలి. ఆ నంబర్‌కి మెసేజ్ కూడా పెట్టవచ్చు. రోజూ ఎక్కువగా తాగే అలవాటుండి, మానగానే చేతులు వణికేవాళ్ళు డాక్టర్ పర్యవేక్షణలో డీటాక్స్ అయ్యాకే ఐఓపీకి రావాలి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఇన్సూరెన్స్‌తో మొదలుపెట్టండి

సెంటర్‌కి ఫోన్ చేసేముందు ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉన్న నంబర్‌కి చేయండి. కొన్ని ప్లాన్లలో మానసిక చికిత్సని వేరే కంపెనీ చూసుకుంటుంది. అలాంటప్పుడు కార్డు మీద 'బిహేవియరల్ హెల్త్' అని ఇంకో నంబర్ ఉంటుంది. అడగాల్సినవి ఇవి: ఫలానా సెంటర్ ఇన్-నెట్‌వర్కా? ప్రయర్ ఆథరైజేషన్ (ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి) కావాలా? కోపే (ప్రతిసారీ మీరు కట్టే వాటా) రోజుకా, సెషన్‌కా? డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు ఏటా మీరు భరించాల్సిన మొత్తం) ఇంకా ఎంత మిగిలింది? వర్చువల్ ఐఓపీకి కవరేజి ఉందా? జవాబు చెప్పినవాళ్ళ పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసిపెట్టుకోండి. తర్వాత బిల్లు తేడా వస్తే ఆ నంబరే మీకు ఆధారం.

ఖర్చు లెక్క ఇలా వేయండి. రోజుకి కోపే 30 డాలర్లనుకుంటే వారానికి 90, పది వారాలకి 900 డాలర్లు. హై డిడక్టిబుల్ ప్లాన్ అయితే మొదటి వారాల్లోనే పెద్ద మొత్తం పడి, ఆ తర్వాత తగ్గుతుంది. డిడక్టిబుల్ జనవరిలో మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యే ప్లాన్లే ఎక్కువ. నవంబర్‌లో చేరేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ (వైద్య ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతాలు) డబ్బు కోపేలకి వాడుకోవచ్చు.

ఆథరైజేషన్ మొత్తం పది వారాలకీ ఒకేసారి రాదు. కొన్ని రోజులకి ఇచ్చి, మళ్ళీ సమీక్షిస్తారు. ఆ సమీక్షలో హాజరు, లక్షణాల స్కోర్లు చూస్తారు. మనవాళ్ళు ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. ప్రతి వారం నింపే ప్రశ్నావళిలో మర్యాద కోసం "పర్వాలేదు, బాగానే ఉంది" అన్నట్టు తక్కువ మార్కులు వేస్తారు. కాగితం మీద మీరు కోలుకున్నట్టే కనిపిస్తుంది, ఆథరైజేషన్ ఆగిపోతుంది. ఉన్నది ఉన్నట్టు రాయండి. తిరస్కరిస్తే సెంటర్ డాక్టర్‌నే ఇన్సూరెన్స్ డాక్టర్‌తో నేరుగా మాట్లాడమనండి. అప్పీలుకి మీకు 180 రోజుల గడువుంటుంది. చికిత్స ఆగితే ప్రమాదం అనుకుంటే అత్యవసర అప్పీలు అడగండి, దానికి గరిష్ఠంగా 72 గంటల్లో జవాబివ్వాలి.

ఆఫీసులో ఏం చెప్పాలి, ఏం చెప్పక్కర్లేదు

ఎఫ్ఎంఎల్ఏ చట్టం కింద ఏడాదికి 12 వారాల జీతం లేని సెలవు ఉంటుంది. అదంతా ఒకేసారి తీసుకోనక్కర్లేదు, గంటల్లెక్కన వాడుకోవచ్చు. వారానికి 40 గంటలు పనిచేసేవాళ్ళకి అది 480 గంటలు. వారంలో 3 రోజులు 2 గంటలు ముందుగా బయల్దేరితే పది వారాలకి అయ్యేది 60 గంటలే. అర్హతకి కంపెనీలో 12 నెలలు పూర్తవ్వాలి, గడిచిన ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి ఉండాలి, 75 మైళ్ళ లోపల కంపెనీకి 50 మంది ఉద్యోగులుండాలి. చిన్న కన్సల్టెన్సీల్లో ఉన్నవాళ్ళకి ఈ చివరి షరతు తరచూ అడ్డొస్తుంది. అప్పుడు, సంస్థలో కనీసం 15 మంది ఉద్యోగులుంటే, ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల) చట్టం కింద పనివేళల సర్దుబాటు అడగవచ్చు.

మెడికల్ సర్టిఫికేషన్ ఫామ్ హెచ్ఆర్ అడిగాక 15 రోజుల్లో తిరిగివ్వాలి. అందులో 'అవసరాన్ని బట్టి' అని రాయించుకుంటే తర్వాత ప్రతి గైర్హాజరీకీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వారానికి 3 రోజులు, ప్రయాణంతో కలిపి రోజుకి ఇన్ని గంటలు, ఇవి కాక లక్షణాలు ఎక్కువైతే నెలకి ఒకటి రెండు రోజులు' అని విడమర్చి రాయించండి. జబ్బు పేరు మేనేజర్‌కి తెలియాల్సిన పనే లేదు. ఆయనకి ఇంత చెబితే చాలు: "వైద్య చికిత్స ఉంది. వచ్చే పది వారాలు సోమ, బుధ, గురువారాల్లో నాలుగున్నరకి లాగాఫ్ అవుతాను. హెచ్ఆర్‌కి కాగితాలు ఇచ్చాను." అంతకు మించి వివరించడం మొదలుపెడితే ఆపడం కష్టం.

ఇండియా టీమ్‌తో రాత్రి కాల్స్ ఉన్నవాళ్ళు వాటిని ఐఓపీ రోజుల నుంచి తప్పించుకోవాలి. తొమ్మిదింటికి గ్రూప్ ముగించి, తొమ్మిదిన్నరకి కాల్ ఎక్కి, పదకొండున్నరకి పడుకునే మనిషికి ఏ థెరపీ ఒంటబట్టదు. బైపోలార్ (విపరీతమైన హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకి నిద్ర చెదరడమే మళ్ళీ ఎపిసోడ్ తెచ్చిపెట్టవచ్చు. ఫామ్‌లో డాక్టర్ చేత 'రాత్రి 9 తర్వాత పని వద్దు' అని రాయించుకోవచ్చు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళ భయం వేరు. మీరే కోరి తీసుకున్న వైద్య సెలవుకి జీతం రాకపోయినా, ఉద్యోగ సంబంధం కొనసాగుతున్నంత వరకు స్టేటస్ పోదు. పూర్తిగా నెలలకొద్దీ సెలవు పెట్టేముందు మాత్రం ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడగండి. డిప్రెషన్‌కో యాంగ్జైటీకో చికిత్స తీసుకున్నంత మాత్రాన గ్రీన్‌కార్డ్ ఆగిపోదు. మెడికల్ పరీక్షలో చూసేది జబ్బుతో పాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అన్నది.

ఎఫ్-1 విద్యార్థులు సబ్జెక్టులు తగ్గించుకోవాలంటే ముందు డీఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాతే డ్రాప్ చేయాలి. వరస తప్పితే స్టేటస్‌కే ముప్పు. వైద్య కారణంతో ఒక్కో డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా ఈ వెసులుబాటు ఉంటుంది. ఇంకో చిక్కు: ఇందుకు డీఎస్ఓకి చూపించే వైద్య ఉత్తరం డాక్టర్ గానీ లైసెన్స్ ఉన్న సైకాలజిస్ట్ గానీ ఇవ్వాలి. ఐఓపీలో మీ థెరపిస్ట్ క్లినికల్ సోషల్ వర్కర్ అయితే ఆ సంతకం ఎఫ్ఎంఎల్ఏకి చెల్లుతుంది, దీనికి చెల్లదు. సైకియాట్రిస్ట్ చేత రాయించుకోండి.

వారాన్ని అమర్చుకోవడం

కాగితం మీద 9 గంటలే. వెళ్ళడానికి 40, రావడానికి 40 నిమిషాల ప్రయాణం, హోంవర్క్‌కి రోజుకి పావుగంట, డాక్టర్ అపాయింట్‌మెంట్ కలుపుకుంటే 15 గంటలు దాటిపోతుంది. ముందే ఆ లెక్కతోనే చూసుకోండి. సాయంత్రం బ్యాచ్ తీసుకుంటే అయిదింటికే ఏదైనా తినేయండి. ఒక డబ్బాలో పెరుగన్నం కారులో పెట్టుకున్నా సరే. ఖాళీ కడుపుతో మూడు గంటలు కూర్చుంటే చివరి గంట చిరాకుగానే గడుస్తుంది. పిల్లల ఆఫ్టర్‌కేర్ ఎన్నింటికి మూస్తారో, ఆ మూడు రోజులూ ఎవరు తీసుకొస్తారో పేర్లతో సహా రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పేరు లేని పని చివరికి పేషెంట్ నెత్తినే పడుతుంది.

వర్చువల్ ఐఓపీ ప్రయాణాన్ని మిగులుస్తుంది గానీ, కెమెరా ఆన్‌లో ఉండాలి, తలుపేసుకునే గది ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో చోటు లేనివాళ్ళు పార్కింగ్‌లో ఆపిన కారులో కూర్చుంటారు. అది పర్వాలేదు. నడుపుతూ హాజరవడం మాత్రం ప్రమాదం, సెంటర్లూ ఒప్పుకోవు. సెషన్ సమయంలో మీరు ఉన్న రాష్ట్రంలో ఆ థెరపిస్ట్‌కి అనుమతి ఉండాలి కాబట్టి న్యూజెర్సీలో చేరి టెక్సస్‌లో చుట్టాలింటి నుంచి లాగిన్ అవుతానంటే కుదరకపోవచ్చు. ఇండియా నుంచి ఇక ఆశ పెట్టుకోవద్దు. పెళ్ళిళ్ళు, స్టాంపింగ్ ప్రయాణాలు ఆ పది వారాల్లో పడకుండా చూసుకునే చేరండి. చెప్పకుండా రెండు మూడుసార్లు రాకపోతే చాలా సెంటర్లు పేరు తీసేస్తాయి.

గ్రూప్, డైరీ కార్డ్

నలుగురిలో ఇంటి గుట్టు ఎలా విప్పడం అన్నది మనవాళ్ళ మొదటి అడ్డంకి. మొదటి రోజు మొదటి పేరు, ఎందుకొచ్చారో ఒక్క వాక్యం చెబితే చాలు. సభ్యులంతా గోప్యత పాటిస్తామని మాటిస్తారు. అయితే సెంటర్‌ని కట్టేసే ప్రైవసీ చట్టం తోటి సభ్యులకి వర్తించదు. కాబట్టి కంపెనీ పేరు, ఊళ్ళోవాళ్ళ పేర్లు చెప్పకండి. తెలిసినవాళ్ళు ఆ గ్రూప్‌లో కనిపిస్తే వేరే బ్యాచ్ అడగవచ్చు.

డీబీటీ (ఉద్వేగాలని అదుపు చేసుకునే మెళకువలు నేర్పే థెరపీ) పద్ధతిలో నడిచే సెంటర్లలో డైరీ కార్డ్ ఇస్తారు. ఒక రోజు వరస ఇలా ఉంటుంది: 'మంగళవారం. నిద్ర 5 గంటలు. దిగులు 4, కోపం 3, సిగ్గు 5. చచ్చిపోవాలన్న ఆలోచన 2. మందు వేసుకున్నాను. వాడిన మెళకువ: చల్లటి నీళ్ళు, 30 సెకన్లు. తర్వాత దిగులు 3.' మార్కులు 0 నుంచి 5. ఇది ఏ రోజుకారోజు పడుకునేముందు నింపాలి. గ్రూప్‌కి పది నిమిషాల ముందు వారమంతా ఒకేసారి నింపితే అన్ని రోజులూ 3, 3, 3 అని వస్తుంది, దాన్నిబట్టి థెరపిస్ట్ ఏమీ చేయలేరు. చల్లటి నీళ్ళలో ముఖం ముంచే మెళకువ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా చేయకూడదు.

మొదటి వారంలోనే ఒక్క పేజీ సేఫ్టీ ప్లాన్ రాస్తారు. ప్రమాదం ముంచుకొచ్చే ముందు కనిపించే గుర్తులు, సొంతంగా చేయగలిగినవి, ఫోన్ చేయగలిగినవాళ్ళు, ఇంట్లో తీసేయాల్సినవి అందులో ఉంటాయి. మనవాళ్ళ పేజీలో అమ్మ, అన్నయ్య, ఫ్రెండ్ అందరూ హైదరాబాద్, విజయవాడ నంబర్లే ఉంటాయి. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం మూడింటికి అక్కడ తెల్లవారుజామున మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. పావుగంటలో మీ గుమ్మం ముందు నిలబడగల మనిషి కనీసం ఒక్కరు ఆ పేజీలో ఉండాలి.

మందులు

డిప్రెషన్, యాంగ్జైటీలకి ఎక్కువగా రాసే ఎస్ఎస్ఆర్ఐ మందుల్లో వికారం, నిద్రలేమి మొదటి వారాల్లోనే కనిపిస్తాయి. పూర్తి గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే మొదట చెడు, తర్వాత మంచి. ఆ తేడా తెలియక రెండో వారంలో ఆపేస్తుంటారు. పాతికేళ్ళ లోపువాళ్ళలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి.

ఇండియా నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులన్నీ మొదటి అపాయింట్‌మెంట్‌కి తీసుకెళ్ళండి. అల్ప్రజోలం, క్లోనజెపామ్ (ఆందోళన తగ్గించే మాత్రలు) రోజూ వాడుతూ దాచిపెట్టడం, లేదా చటుక్కున ఆపేయడం రెండూ ప్రమాదమే. అశ్వగంధ లాంటివి కూడా చెప్పాలి. బైపోలార్‌కి ఇచ్చే లిథియం వాడేవాళ్ళు ఏకాదశికి నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం చేయకూడదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒళ్ళు నొప్పులకి వేసుకునే ఐబుప్రొఫెన్ కూడా అదే పని చేస్తుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం కనిపిస్తే ఎమర్జెన్సీకే. లిథియం రక్తపరీక్ష చివరి డోస్ వేసుకున్న 12 గంటలకి, పొద్దుటి మాత్ర వేసుకోకముందు ఇవ్వాలి.

ఇంట్లో పెద్దవాళ్ళతో

విజిట్ మీద వచ్చిన అత్తమామలకి మొత్తం కథ చెప్పనక్కర్లేదు, అబద్ధమూ చెప్పనక్కర్లేదు. "అత్తయ్యా, కొన్నాళ్ళుగా నిద్ర పట్టట్లేదు, మనసు బాగుండట్లేదు. డాక్టర్ గారు ట్రీట్‌మెంట్ రాశారు. సోమ, బుధ, గురువారాల్లో సాయంత్రం వెళ్ళొస్తాను. ఆ మూడు రోజులు పిల్లలకి అన్నం మీరు పెట్టాలి." పని అప్పగిస్తే ప్రశ్నలు తగ్గుతాయి. ఫ్యామిలీ సెషన్‌కి వాళ్ళని పిలిస్తే తెలుగు దుబాసీని ముందుగానే అడగండి. చాలా సెంటర్లు చట్టప్రకారం ఉచితంగా ఏర్పాటు చేయాలి. పిల్లల చేత అనువాదం చేయించకండి. అమ్మ చచ్చిపోవాలనుకున్న సంగతి పన్నెండేళ్ళ బిడ్డ నోటి మీదుగా నానమ్మకి వెళ్ళడం ఎవరికీ మంచిది కాదు.

ముగిసే ముందు

పది వారాలు అయ్యాక వారానికి 9 గంటల అండ ఒక్కసారిగా సున్నా అవుతుంది. మళ్ళీ జారిపడేది ఎక్కువగా ఇక్కడే. బయట థెరపిస్ట్‌లకి వెయిటింగ్ లిస్ట్ వారాలకొద్దీ ఉంటుంది కాబట్టి నాలుగో వారంలోనే వెతకడం మొదలుపెట్టండి. ఐఓపీ ఆఖరి రోజుకి ముందే రెండు అపాయింట్‌మెంట్లు చేతిలో ఉండాలి: ఒక వారం లోపు థెరపిస్ట్‌తో, మందులు అయిపోకముందు సైకియాట్రిస్ట్‌తో. వీలైతే 3 రోజుల నుంచి 2, ఆపైన 1కి తగ్గించుకుంటూ దిగనివ్వమని సెంటర్‌ని అడగండి. మధ్యలో ఉద్యోగం మారితే కోబ్రా (పాత కంపెనీ ఇన్సూరెన్స్‌ని సొంత డబ్బుతో కొనసాగించుకునే వీలు) ఎంచుకోవడానికి 60 రోజులుంటాయి, కట్టిన కవరేజి వెనకటి తేదీ నుంచే వర్తిస్తుంది. వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, మందుల జాబితా, సేఫ్టీ ప్లాన్ కాపీలు అడిగి తీసుకోండి. కొత్త డాక్టర్‌కి అవి మొదటి రోజే ఇస్తే మొదటి సెషన్ అంతా పాత కథ చెప్పడంతో గడిచిపోదు.